గోడకు ముడివేసే చెయ్యి

“ఇంకొక గంట కూర్చో మామా, పళ్ళెం తీసి సూసినాక నేనే వచ్చి చెప్తా” అని రూపశ్రీ ల్యాబు తలుపు మూసుకుంది. నేను ఆ తలుపుకెదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. కూర్చోమంది కాబట్టి కూర్చున్నాను గానీ, గంటసేపు ఒకచోట కూర్చునే జాతి కాదు నేను, ఎనిమిదో తరగతిలో పాఠం వినలేక అయ్యవారి కుర్చీకి జిల్లేడుపాలు పూసి బయటపడినవాణ్ణి, మళ్ళీ బడి మొహం చూడలేదు, సినిమాకు పోయినా మధ్యలో వంగి ముందు వరుసవాళ్ళ చెప్పులన్నీ కలిపేసి వచ్చేవాణ్ణి. ఇవాళ మాత్రం బల్లకు అతుక్కుపోయాను. లోపల ఎక్కడో వెచ్చటి పెట్టెలో ఒక గాజు పళ్ళెం ఉంది, దాంట్లో జున్నులాంటిది పోసి, దాని మీద మా ధరణి నెత్తుట్లో పెరుగుతున్న పురుగును పూసి, పైన ముగ్గుచుక్కలు పెట్టినట్టు చిన్న చిన్న కాగితం బిళ్ళలు పెట్టారట, ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. మందుకు పురుగు చస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగులుతుంది, చావకపోతే బిళ్ళ అంచుదాకా పెరిగి వస్తుంది. అంతే, ఇంతకంటే ఏం లేదు. ఇన్నాళ్ళుగా ఎక్కించిన మందులన్నీ ఒక వరుసలో ఉన్నాయట, ఇంకా ఎక్కించనిది ఒకటే, అది చివరి బిళ్ళ. పొద్దున పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆ చివరి బిళ్ళకు ఖాళీ వస్తే పోరాడదాం, రాకపోతే నా దగ్గర ఇంకేమీ లేదప్పా అన్నాడు. పెద్దమనిషి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు, తుడుచుకోవడానికి చేతులకు ఏమీ లేదు.

ధరణి మా అక్క చంద్రకాంతమ్మకు ఒకే కూతురు. పలమనేరు పక్కన ఊళ్ళో అక్కావాళ్ళకు ఆవులు, ఆ ఊరి పాల క్యాన్లు కేంద్రానికి తోలే ఆటో నాది. ఆ పిల్ల తిరుపతిలో హాస్టలులో ఉండి పురుగుల చదువు చదివింది, కంటికి కనపడని పురుగులు, ఈ రూపశ్రీ దాని జతగత్తె, చదువు కాగానే రూపశ్రీకి తిరుపతిలోనే ఈ ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది, మా పిల్లకు చిత్తూరులో కాలేజీలో పాఠాలు చెప్పే పని వచ్చింది, జూన్‌లో చేరాలి, ఇది మే నెల. ఎండ. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది, కొండ కాలిపోయిన రొట్టె రంగులో ఉంది, కింద రోడ్డు మీద గుండ్ల మీద గంధం పూసుకున్న ఒక కుటుంబం ఆటోవాడితో బేరమాడుతోంది, తాత గుండు, నాయన గుండు, చంకలో బిడ్డ గుండు, మామూలుగా అయితే ఈ కిటికీలోంచే ఏదో ఒకటి అరిచేవాణ్ణి, మూడు గుండ్లకు ఒకే ఛార్జీనా అబ్బా అని, నోరు తెరిచాను కూడా, నోట్లోంచి ఫినాయిలు వాసన లోపలికి పోయింది, మాట బయటికి రాలేదు. ఎక్కడికి పోయాయి నా మాటలన్నీ. పురుగు ధరణి ఒంట్లో ఉంటే నాలుక నాది పడిపోయిందేమి.

పెనిసిలిన్ అంటే దూది బజ్జీ మామా అని ఒకసారి చెప్పింది నాకు ధరణి. దూది బజ్జీ అంటే నాకు తెలియకుండా పోతుందా, దానికి మా జిల్లాలో నేనే పెద్దమేస్త్రీని. మా ఊరి మునికృష్ణ పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళ బంతిలో పెద్దాయన దామోదరానికి మంచి బజ్జీల నడుమ ఒకటి వేయించాను, దూదిని పిండిలో ముంచి దోరగా కాల్చింది, పైకి చూస్తే మిరపకాయ బజ్జీకి అక్క లాగా ఉంది. ఆయన కొరికాడు. కొరికితే తెగదు, లాగితే రాదు, మింగితే దిగదు, బంతినిండా జనం, ఉమ్మేస్తే పరువు, రెండు దవడలూ దాన్ని పట్టుకొని అట్లా ఉండిపోయాయి, ఆకులో పప్పు ఆరిపోయింది, రసం వచ్చింది పోయింది, పాయసం వచ్చింది పోయింది, ఆయన నోరు మాత్రం ఆ బజ్జీతోనే ఉంది. స్తంభం వెనకాల ధరణి నవ్వి నవ్వి కూలబడి, “సాల్లే మామా, ఆయప్ప సచ్చిపోతాడు” అని నా చొక్కా పట్టుకొని లాగింది. ఎంత నవ్వింది ఆ పొద్దు. కళ్ళల్లో నీళ్ళు కారి కాటుక చెంపలమీదికి వచ్చింది, వాళ్ళమ్మ వచ్చి ఏమే ఆ నవ్వు, మొగపిల్లోడి మాదిరి అని తిట్టింది, తిడుతూ తనూ నవ్వింది.

ఆ పెనిసిలిన్ మాట అది ఎందుకు చెప్పిందంటే పాలు తోడుకోలేదు కాబట్టి. పోయిన చలికాలం, రోజూ నా క్యాన్లోంచి పాలు పోయించుకునే కుప్పమ్మ వీధిలో నా ఆటోకు అడ్డం నిలబడి, “ఏం కలిపినావురా శేఖరా పాలల్లో, మూడు పూట్ల నించి తోడేస్తే నీళ్ళ మాదిరి అట్లనే ఉండాది. ఇదీ నీ ఎగతాళేనా?” అని కేకలు. నేను కలపలేదంటే ఎవరు నమ్ముతారు, నేను నిజం చెప్తే మా ఊళ్ళో కుక్క కూడా ఒకసారి ఆలోచిస్తుంది. సెలవులకు వచ్చిన ధరణి ముందు సీట్లో నా పక్కనే కూర్చొని ఉంది. దిగి కుప్పమ్మ చెంబులో వేలు ముంచి చూసి, “అత్తా, మామ ఏం సేయలేదు. మా అమ్మ సేసింది” అంది. అక్క వాళ్ళ జెర్సీ ఆవుకు పొదుగు వాచింది, పొదుగులోకి పెనిసిలిన్ మందు ఎక్కించారు, మందు పడినన్నాళ్ళు ఆ పాలు పారబోయాలి, మా అక్క పారబోస్తుందా, పాలు పారబోసే ఇల్లు పాడవుతుందని క్యాన్లో పోసేసింది. మా వైపు ఏ ఇంట్లోనూ పారబోయరు, దూడకైనా తాపుతారు, పక్కింటికైనా ఇస్తారు. ఆ మందు పాలల్లో ఉంటే పెరుగు పురుగులు బతకవు మామా అని ఆటో ఎక్కినాక చెప్పింది. పెరుగులో పురుగులా అని నేను ఉమ్మినట్టు నటించాను. అది నవ్వలేదు, దానికి పురుగుల సంగతి వస్తే నవ్వు రాదు, గుడిలో నిలబడినట్టు నిలబడుతుంది.

గోడ మామా అంది, అన్నీ ఆ గోడలోనే ఉన్నాయి. మన ఒంట్లో కణానికి గోడ లేదు, పురుగుకు ఉంది, అది లేకపోతే లోపలి ఒత్తిడికి నీళ్ళు తాగిన శనగగింజలా ఉబ్బి పగిలిపోతుంది. ఇటుకల గోడ కాదు, వలలాంటి గోడ, వలలో చేప ఉన్నట్టు కాదు, చేప ఒంటికి కొలిచి అల్లిన వల. రెండు రకాల చక్కెర పూసలు, ఇదొకటి అదొకటి ఇదొకటి అదొకటి, దండలాగా పొడుగ్గా గుచ్చుకుంటూ పోతుంది, ఒక పూస విడిచి ఒక పూసకు చిన్న తోక వేలాడుతుంది. దండలు పక్కపక్కనే చుట్టుకున్నంత మాత్రాన గోడ కాదు, ఈ దండ తోకను ఆ దండ తోకకు కట్టాలి, అప్పుడే బిగుసుకుంటుంది. పూసలు లోపల తయారవుతాయి, గోడ బయట ఉంది, మరి బయటికి ఎట్లా పోతాయంటే నూనెలాంటి కూలివాడు ఒకడున్నాడట, ఒక్కో జత పూసలను వీపున వేసుకొని పొర దాటి బయటికి దించి, ఖాళీ వీపుతో మళ్ళీ లోపలికి వస్తాడు, మళ్ళీ మోస్తాడు, వాడికి తీరిక లేదు. బయట ముడివేసే చెయ్యి ఒకటి కాచుకొని ఉంటుంది. తోక అంటే నాలుగైదు గింజల వరుస, చివరి రెండు గింజలూ ఒకే రకానివి, ఆ చెయ్యి తోకను పట్టుకొని చివరి గింజను తెంపి పారేసి, ఆ మిగిలిన దానిని పక్క తోకకు ముడివేసి వదులుతుంది, ఇంకోదాన్ని పట్టుకుంటుంది. పెనిసిలిన్ ఏం చేస్తుందంటే అచ్చం ఆ తోక చివరలాగే వేషం కట్టుకొని వస్తుంది, చెయ్యి మోసపోయి పట్టుకుంటుంది, ఇంక వదలలేదు. దూది బజ్జీ మామా, దామోదరం తాత దవడలు మామా అంది. ఆ చెయ్యి అట్లా ఇరుక్కొని ఉంటే పురుగు మాత్రం ఆగదు, పెరగాలి కదా, పెరగడానికి పాత గోడను అక్కడక్కడా తనే కోసుకుంటుంది, కోసినచోట కొత్త ముడి పడదు, అక్కడే చిరిగి పగిలి చస్తుంది. నేను ఆటో పక్కకు ఆపేశాను. అయ్యవార్లు ఇట్లా చెప్పి ఉంటే జిల్లేడుపాలకు పోయేవాణ్ణి కాదు గదే అన్నాను. ప్రాణం కాపాడే మందు కూడా నాలాంటి ఎగతాళి మనిషేనా అని ఆ పొద్దంతా నాకు ఒళ్ళు తేలిపోయింది, పాల కేంద్రంలో అందరికీ చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

అప్పుడే అడిగాను, మరి ఎగతాళికి పడని చెయ్యి ఉంటే ఎట్లనే అని, ఊరికే, దాన్ని ఇరుకులో పెట్టడానికి. “ఉంటాయి మామా” అంది. కొన్ని పురుగులు చెయ్యినే మార్చుకుంటాయి, వేరే చెయ్యి, వేషం వేసుకొని వచ్చిన దాన్ని అసలు ముట్టదు. అప్పుడు ఇంకో మందు, అది చేతి జోలికి పోదు, తోకనే ముడి పడకుండా కప్పేస్తుంది. ఆ తోక చివరి గింజను కూడా మార్చుకునే పురుగులు ఉన్నాయి, అరుదు మామా, మన పక్క ఇంకా లేవులే అంది. మన పక్క లేవులే. ఆ పిల్ల అట్లా చెయ్యి ఊపింది, ఈగను తోలినట్టు.

తొడ మీద సెగ్గడ్డ లేచింది దానికి, మార్చిలో, పరీక్షలు రాసి ఇంటికి వచ్చినాక. సిగ్గుకు ఎవరికీ చెప్పలేదు, కుంటుతూ నడుస్తుంటే నేను వెనకాల అట్లాగే కుంటుతూ నడిచి వీధిని నవ్వించాను. డాక్టరు గొట్టం మాత్రలు రాశాడు. గడ్డ పగిలింది, నొప్పి తగ్గింది, తగ్గినాక మందు దండగ అని అక్క మిగిలిన గొట్టాలు ఎత్తిపెట్టి, ఆవుకు మళ్ళీ పొదుగు వాస్తే వాటిని విప్పి పొడి వెన్నలో కలిపి పూసింది. మా వైపు మందును అట్లానే చూస్తారు, మనిషిది ఆవుకు, ఆవుది మనిషికి, తగ్గితే చాలు, మిగిలింది దాపెట్టు. ధరణి ఆ పొద్దు తిరుపతికి హాస్టలు ఖాళీ చేయడానికి పోయి ఉంది, తను ఉండి ఉంటే అమ్మను చీల్చేది. తిరిగి వచ్చిన వారానికి చలిజ్వరం పట్టుకుంది, పురుగు నెత్తుట్లోకి దిగిందన్నారు, తెచ్చి ఇక్కడ చేర్చాము. మాత్రలు మధ్యలో ఆపడమే కారణమా అని నేను పెద్ద డాక్టరును అడగబోయి ఆగిపోయాను, అక్క పక్కనే ఉంది. ఆసుపత్రిలోనే అంటుకున్నదో, ఎక్కడ ఎత్తుకున్నదో, ఎవరు చెప్తారు. చెప్పినా పోయి ఆ పురుగును అడగాలా, ఏమప్పా నువ్వు యాడ పుట్టినావు అని.

ఈ గంటలో అవి గోడ కట్టుకుంటున్నాయి. నేను కూర్చున్నాను, అవి కూర్చోలేదు. టీ తాగి వచ్చేలోపు ఒకటి రెండవుతుందట, నడుమ ఒక కొత్త గోడ లేపుకొని రెండుగా విడిపోతుందట, పొద్దుట నుంచి నేను టీ తాగలేదు, తాగకపోయినా అవి ఆగలేదు. మోసేవాడు మోస్తున్నాడు, ముడివేసే చెయ్యి వేస్తోంది, మా పిల్ల నెత్తుటి చక్కెర తీసుకొని పూసలు గుచ్చుతున్నాయి. మా పిల్ల మాత్రం సన్నబడింది, మంచంలో దుప్పటి కింద మనిషి ఉన్నట్టు కనపడదు, మడమల దగ్గర మాత్రం ఎత్తుగా ఉంటుంది. దాని గోడ ఏది. మనిషికి గోడ లేదంది కదా, అందుకే మందు మనల్ని ఏం చేయదు, పురుగు గోడనే కొడుతుంది, అదే దాని గొప్ప అంది. నాకు ఇప్పుడు గొప్పగా లేదు. ఒంట్లో ఇంత చిన్నదానికి కూడా ఒక గోడ ఇచ్చి, మా పిల్లకు ఒట్టి చర్మం ఇచ్చి పంపినవాడు కొండమీద కూర్చొని గుండ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ గుండ్లవాళ్ళ ఆటో ఎప్పుడో పోయింది. నేను ఎవరిని ఎగతాళి చేయాలి. చేతనైతే ఈ వేషాలన్నీ నేనే కట్టుకొని పోయి ఆ చేతిలో పడేవాణ్ణి, నన్ను పట్టుకో, నన్ను కొరుకు, నేను మంచి బజ్జీని, పరువు పోయినా వదలకు. పట్టుకోదు. దానికి నేను తెలిసిపోయాను.

తలుపు తెరుచుకుంది. రూపశ్రీ పళ్ళెం పట్టుకొని వచ్చింది, బయటికి తేకూడదట, చెప్పే బదులు చూపిద్దామని తెచ్చిందనుకుంటాను. వెలుతురుకెత్తి పట్టుకుంది. బూడిద పరిచినట్టు ఒకటే పెరుగుదల, దాంట్లో తెల్లటి బిళ్ళలు, ప్రతి బిళ్ళ అంచునూ అది తాకి నిలబడింది. నేను వెతికాను, కళ్ళు పళ్ళెం మీద అటూ ఇటూ తిరిగాయి, గోరంత ఖాళీ కనపడితే చాలు, గోరంత దాన్ని నేను చేటంత చేసి చెప్పగలను. “సివరిది?” అన్నాను. “అదే మామా” అని వేలితో చూపించి, “గింజ మార్చేసుకునింది” అంది. ఏడుస్తున్న మొహాన్ని మోచేత్తో తుడుచుకొని, “డాక్టరుకు నేను చెప్తా. నువ్వు ధరణి కాడికి పో. నిన్నే అడగతా ఉండాది” అంది.

ధరణి గదికి పోయాను. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చొని దాని అరికాళ్ళు రుద్దుతోంది. ధరణి ముక్కులో గొట్టం, పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి, కళ్ళు మాత్రం అవే, స్తంభం వెనకాల నవ్విన కళ్ళు, నన్ను చూసి తలుపు దగ్గరే పట్టుకున్నాయి.

“సూసినావా మామా పళ్ళెం?”

“సూసినా.”

“యా బిళ్ళకు ఖాళీ వచ్చినాది?”

అక్క చెయ్యి ఆగింది. నేను ముప్పై ఏళ్ళుగా అబద్ధాలాడి బతికినవాణ్ణి, ఒక్కటైనా ఇంత బరువు లేదు. “అన్నిటికీ వచ్చినాదే పాపా” అన్నాను. “పళ్ళెంలో జాగా లేదు. సివరి దానికైతే చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు ఇంత పెద్దది” అని రెండు చేతులతో గుండ్రంగా చూపించాను, పళ్ళెం కంటే పెద్దగా చూపించాను.

అన్ని బిళ్ళలకూ వచ్చి ఉంటే ఇన్నాళ్ళు ఎక్కించిన మందులకు ధరణి ఎప్పుడో లేచి కూర్చునేది. ఆ సంగతి నాకు చేతులు చూపించినాక తట్టింది, దానికి నేను నోరు తెరవగానే తట్టింది. నా చేతుల వైపే చూసింది. ఒక కన్నీరు కంటి కొనదాకా వచ్చి మళ్ళీ లోపలికే పోయింది, ఎట్లా పంపిందో. తరువాత పెదాలు మెల్లగా కదిలి, “అమ్మా” అంది, “మందు దొరికినాదంట. మామ కండ్లారా సూసినాడు. నాక్కూడా ఒళ్ళు కొంచెం తేలికగా ఉండాది.”

“నిజంగానారా?” అని అక్క లేచింది.

“నిజమేమ్మా. మామకు అన్ని అబద్ధాలు వచ్చు గానీ, ఇది సెప్పడం రాదు, దీనికి సదువుకోవాల” అంది ధరణి. అక్క నవ్వింది, ఏడ్చింది, నా రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది, ఏనాడూ నన్ను నమ్మని మనిషి. ధరణి కళ్ళు మూసుకొని, “నేను పండుకుంటా. అమ్మ నిన్నటి నించి ఏం తినలేదు మామా. తీసకపోయి అన్నం పెట్టించు. పక్కనే కూర్చో. మొత్తం తిన్నాకనే రానీ” అంది. దాని వేళ్ళు దుప్పటి బయటికి వచ్చి నా వేళ్ళను ఒకసారి గట్టిగా పట్టుకొని వదిలేశాయి.

బస్టాండు పక్క హోటల్లో అక్క ముందు ఆకు వేశారు. అక్క కలిపి ముద్ద పెట్టుకుంది, పెట్టుకున్నాక ఆకలి తెలిసినట్టుంది, తలెత్తకుండా తింటోంది, తింటూ చెబుతోంది, ఇంటికి పోకముందు కొండకు పోవాల, ఆడపిల్ల గదా మూడు కత్తెర్లు ఇస్తే సాలు, నేను మాత్రం గుండు మొక్కుకున్నా, బావకు ఫోను సెయ్‌రా, పాలు పితికి రాత్రి బస్సుకు రమ్మను, జూన్‌లో దానికి రెండు మంచి సీరలు తీయాల, కాలేజీలో పిల్లోళ్ళ ముందర నిలబడాల కదా. సాంబారు పోసేవాడు వచ్చాడు. అక్క ఇంకా పొయ్యమంది. పోయించుకొని, ఎదురుగా ఖాళీ ఆకు ముందు కూర్చున్న నన్ను చూసి ఆగింది.

“నువ్వు తినవేందిరా?”

“నేను ఇందాకే తినేసినా అక్కా” అన్నాను.

అదీ నమ్మింది.